కథకి ఎత్తుగడ, ముగింపు: ఒక నిచ్చెన కథతో మొదటి వాక్యం నుంచి చివరి మాట దాకా

కథలు రాయడం మొదలుపెట్టినవాళ్ళు ముందుగా అడిగేది "ఎలా ఎత్తుకోవాలి?" అని. ముగింపు గురించి అడిగేవాళ్ళు తక్కువ. అక్కడిదాకా వస్తే అదే కుదురుతుందని ధీమా. నా అనుభవంలో ఇవి రెండు వేరువేరు పనులు కావు. ఎత్తుగడ కుదరడం లేదంటే చాలాసార్లు కథ ఎక్కడ ఆగాలో మనకి తెలియకపోవడమే కారణం. ముగింపు తేలిపోతోందంటే తప్పు మొదటి పేజీలో దొరుకుతుంది. అందుకే రెంటినీ కలిపి, పని జరిగే వరసలో చెబుతాను. అది కథ చదివే వరస కాదు.

చేతిలో ఒక కథ లేకుండా ఇదంతా గాల్లో మాటలవుతుంది. కాబట్టి ఒకటి అనుకుందాం. తండ్రి పోయాక ఇల్లు సర్దుతున్న కూతురికి, పెరట్లో ఏళ్ళ తరబడి వాడుతున్న నిచ్చెన తమది కాదని తెలుస్తుంది. తండ్రి పక్కింటాయన దగ్గర అడిగి తెచ్చి తిరిగి ఇవ్వలేదు. ఆ రెండు ఇళ్ళకీ మాటల్లేక చాలా కాలమైంది. ఆమె నిచ్చెన ఇచ్చిరావడానికి వెళ్తుంది. అంతే కథ.

మొదటి అడుగు: ఏం మారిందో ఒక్క వాక్యంలో రాసుకోండి

కథలో చెప్పదలుచుకున్న నీతి కాదు, కథ మొదట్లో ఉన్నది చివరికి ఏమైందన్నది రాయండి. "పట్టుదలకి పోతే ఇద్దరూ నష్టపోతారు" అని రాసుకుంటే దాన్నుంచి ఎత్తుగడా రాదు, ముగింపూ రాదు. ఉపన్యాసం వస్తుంది. నిచ్చెన కథకి నేను రాసుకున్న వాక్యం ఇది: గొడవ నిచ్చెన గురించే అనుకుని వెళ్ళిన మనిషి, ఆ ఇంటికి నిచ్చెన అవసరం ఎప్పుడో తీరిపోయిందని చూసి వస్తుంది.

ఈ వాక్యంలో మొదటి సగం ఎత్తుగడకి, రెండో సగం ముగింపుకి పనికొస్తుంది. ఇలా రెండు సగాలుగా విడిపోని వాక్యం వస్తే మీ దగ్గర ఉన్నది ఇంకా కథ కాదు, ఒక సంఘటనో ఒక మనిషి బొమ్మో. కంగారు పడక్కర్లేదు. దాన్ని ఇంకొన్నాళ్ళు నాననివ్వండి.

రెండో అడుగు: ముందు ఆగే చోటు చూసుకోండి

అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో 1846లో రాసిన ఒక వ్యాసంలో, ముగింపు ఎప్పుడూ కళ్ళముందు ఉంటేనే కథలో ప్రతి సంఘటనా అటువైపు నడుస్తుందని, కాబట్టి కలం పట్టకముందే చివరిదాకా ఆలోచించుకోవాలని వాదించాడు. దీనికి పూర్తిగా ఎదురు చెప్పే రచయితలూ ఉన్నారు. రాస్తూ పోతేగానీ కథ ఎటు వెళ్తుందో తమకే తెలియదంటారు. నేను మధ్యలో ఉంటాను. చివరి వాక్యం ముందే తెలియనక్కర్లేదు. చివరి చోటు తెలిస్తే చాలు. ఎవరి ముందు, ఏ గదిలో, చేతిలో ఏ వస్తువు ఉండగా కథ ఆగుతుందో తెలియాలి. నిచ్చెన కథ పక్కింటి పెరట్లో, గోడ దగ్గర ఆగుతుంది. అక్కడ ఏం జరుగుతుందో మొదటి ప్రతి రాసేటప్పుడు నాకూ తెలియదు.

మూడో అడుగు: కథలోకి ఏ గుమ్మంలోంచి వెళ్ళాలి

మొదటి ప్రతిలో ఎలాగైనా మొదలుపెట్టండి. తెల్లవారడంతో, వర్షంతో, అలారం మోతతో, మీ ఇష్టం. అది మీరు గొంతు సవరించుకోవడం. తప్పేమీ లేదు, కానీ దాన్ని పాఠకుడికి వినిపించకూడదు.

రష్యన్ కథకుడు చెహోవ్ గురించి రాసిన జ్ఞాపకాల్లో సాటి రచయిత ఇవాన్ బూనిన్ ఒక మాట చెబుతాడు. కథ రాయడం అయ్యాక మొదలూ చివరా కొట్టేయాలని, రచయితలు ఎక్కువగా అబద్ధాలాడేది అక్కడేనని చెహోవ్ అన్నాడట. ఈ సలహా చదివి తల ఊపడం తేలిక. నా మొదట్లో కథ ఒకటి ఓ పత్రిక నుంచి తిరిగొచ్చినప్పుడు, మొదటి నాలుగు పేరాల మీద అడ్డంగా ఒకే గీత ఉంది. ఆ నాలుగు పేరాల్లోనూ సూర్యోదయం. నాకు బాగా నచ్చిన సూర్యోదయం అది. రెండు రోజులు ఒళ్ళు మండింది. మూడో రోజు అయిదో పేరా నుంచి చదివితే కథకి ఏ లోటూ కనబడలేదు. పైగా అయిదో పేరాలో ఒక మనిషి తన తాళం పట్టని తలుపు ముందు నిలబడి ఉన్నాడు. సూర్యుణ్ణి అడ్డం పెట్టి అతన్ని అంతసేపు దాచిపెట్టింది నేనే.

కాబట్టి వెతకాల్సింది ఇది: రోజూ జరిగేది ఏ నిమిషాన ఆగిపోయింది? రోజూ తెరుచుకునే తలుపు తెరుచుకోలేదు. రోజూ వచ్చే మనిషి రాలేదు. ఎప్పుడూ మాదే అనుకున్న వస్తువు మాది కాదని తేలింది. ఆ నిమిషానికి వీలైనంత దగ్గరగా కథలోకి దిగాలి. కథని నడిమధ్యలోంచి ఎత్తుకోవాలన్న మాట రెండు వేల ఏళ్ళ కిందటే రోమన్ కవి హోరేస్ చెప్పాడు. అయితే దీన్ని అపార్థం చేసుకుని, ఎవరో తెలియని నలుగురు దేని గురించో అరుచుకుంటున్న సీనుతో మొదలుపెట్టేవాళ్ళు చాలామంది. హడావుడి వేరు, ఆసక్తి వేరు. ఎవరికి ఏం పోతుందో తెలియనప్పుడు ఎంత పెద్ద గొడవైనా పక్కవీధి గొడవే.

మీ మొదటి ప్రతి తీసి మొదటి పేరాని చేత్తో మూసి రెండోదాన్నుంచి చదవండి. అర్థమైతే రెండో పేరా కూడా మూయండి. ఎక్కడ మూస్తే కథ అర్థం కాకుండా పోతుందో, గుమ్మం అక్కడ ఉంది.

నాలుగో అడుగు: మొదటి వాక్యం

ఇక్కడ కాసేపు ఆగుదాం. నిచ్చెన కథకి నా మొదటి ప్రయత్నం:

"అది ఆదివారం ఉదయం. బయట సన్నగా చినుకులు పడుతున్నాయి. నాన్న లేని ఇల్లు బోసిగా ఉంది."

ఇందులో తప్పు లేదు, కానీ ఈ మూడు వాక్యాలూ ఏ కథకైనా సరిపోతాయి. అదే దీని జబ్బు. రెండో ప్రయత్నం:

"నిచ్చెన మనది కాదు," అంది అక్క.

బాగానే ఉంది. సంభాషణతో ఎత్తుకుంటే వేగం వస్తుంది. కానీ వెంటనే ఒక అప్పు మీద పడుతుంది. ఎవరీ అక్క, ఎవరితో అంటోంది, ఎక్కడ నిలబడి అంటోంది, ఇవన్నీ వెంటవెంటనే చెప్పాలి. ఈ కథలో అక్కకి అంత పని లేదు. మొదటి వాక్యంలో గొంతు వినిపించిన మనిషి ముఖ్యమైనదని పాఠకుడు అనుకుంటాడు. రెండో పేజీకి ఆవిడ మాయమైతే మోసపోయినట్టుంటుంది. మూడోది:

"నిచ్చెన మాది కాదని నాన్న పోయాక తెలిసింది."

ఇది ఉంచుకున్నాను. కారణాలు చెబుతాను, ఎందుకంటే అవి తెలుగు వాక్యానికే చెందిన సంగతులు.

మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. అంటే వార్త చివరిదాకా ఆగుతుంది. "తెలిసింది" అనేదాకా ఈ వాక్యం ఎటు తిరుగుతుందో తేలదు. అలాగే ఎవరికి తెలిసింది, ఎవరు చెప్పారు అన్నవి వదిలేయొచ్చు. వ్యాకరణం అడ్డు చెప్పదు. ఆ ఖాళీయే పాఠకుణ్ణి రెండో వాక్యానికి లాగుతుంది. "నాకు" అన్న మాట పెట్టి చూడండి: "నిచ్చెన మాది కాదని నాన్న పోయాక నాకు తెలిసింది." బిగువు కాస్త సడలింది కదా.

ఇంకోటి, "మాది", "మనది" తేడా. అక్క తన వాళ్ళతో మాట్లాడుతోంది కాబట్టి "మనది" అంది. కథ చెప్పే మనిషి పాఠకుడితో మాట్లాడుతోంది కాబట్టి "మాది" అంది. ఒక్క అక్షరంతో పాఠకుడు ఇంటివాడా బయటివాడా అన్నది నిర్ణయమైపోతుంది. ఈ కథ గోడకి అటూ ఇటూ ఉన్నవాళ్ళ గురించి కాబట్టి పాఠకుణ్ణి కాసేపు బయటే ఉంచడం నాకు కావాలి.

ప్రథమపురుషలో, అంటే "నేను" అనకుండా "అతను", "ఆమె" అంటూ రాస్తే ఇలాంటి నిర్ణయమే సర్వనామం దగ్గర వస్తుంది. "వాడు తలుపు తీశాడు", "అతను తలుపు తీశాడు", "ఆయన తలుపు తీశారు". ముగ్గురూ ఒకే మనిషి కావచ్చు, కానీ కథ చెప్పేవాడు ముగ్గురి నుంచీ వేరువేరు దూరాల్లో నిలబడ్డాడు. "ఆయన" అన్నాక "తీశాడు" అంటారా "తీశారు" అంటారా అన్నది మరో మెట్టు. మొదటి వాక్యంలో తీసుకున్న దూరాన్ని కారణం లేకుండా మధ్యలో మార్చకండి. కారణం ఉండి మారిస్తే అదే ముగింపు కావచ్చు. పదిహేను పేజీలు "వాడు" అన్న మనిషిని చివరి పేరాలో "ఆయన" అంటే ఏం జరిగిందో విడిగా చెప్పక్కర్లేదు.

మొదటి వాక్యం మెరవాలని మరీ టెన్షన్ పడొద్దు. పేలిపోయే వాక్యం రాస్తే రెండోది దానికంటే గట్టిగా పేలాలి, అది కుదరదు. జర్మన్ భాషలో రాసిన కాఫ్కా 1915లో అచ్చయిన "రూపాంతరం" కథని, ఒక మనిషి నిద్రలేచేసరికి పెద్ద పురుగుగా మారిపోయి ఉన్నాడని ఎత్తుకుంటాడు. అందరూ ఆ వింతనే గుర్తుపెట్టుకుంటారు. నేర్చుకోవాల్సింది ఆ తర్వాత ఉంది. పురుగైన మనిషి ముందు ఉద్యోగానికి ఆలస్యమైందని, రైలు తప్పిపోయిందని కంగారు పడతాడు. అసాధ్యమైన మాట ఒకటి అనేసి, ఇక అంతా మామూలు గొంతుతోనే చెబుతాడు రచయిత.

అయిదో అడుగు: మొదటి పేజీలో చేసే అప్పులు

మొదటి పేజీలో పెట్టిన ప్రతి వస్తువూ, ప్రతి పేరూ పాఠకుడి దగ్గర చేసిన అప్పే. అందుకని పేర్లు రెండుకి మించకుండా చూసుకోండి. వయసు, ఉద్యోగం, రంగు, ఎత్తు అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేస్తే అది పెళ్ళిచూపుల బయోడేటా అవుతుంది. గతం ఎంత అవసరమో అంతే చెప్పాలి, అది కూడా ప్రస్తుతంలో ఏదో ఒక పని నడుస్తుండగా.

నిచ్చెన కథలో ఆ తర్వాతి రెండు వాక్యాలు: "మూడో మెట్టు ఉండేది కాదు. అక్కడ కాలు చాచి ఎక్కడం ఇంట్లో అందరికీ అలవాటు." ఇందులో గొడవ గురించి ఒక్క ముక్క లేదు. కానీ ఎన్నేళ్ళు వాడారో తెలిసింది, తమదనే నమ్మకం ఎంత ఒంటికి పట్టిందో తెలిసింది. పైగా లేని మెట్టు ఒకటి చివరిదాకా చేతిలో ఉంటుంది. గొడవ సంగతి రెండో పేజీలో, ఆమె నిచ్చెనని భుజాన వేసుకుని గేటు దగ్గర తటపటాయిస్తున్నప్పుడు చెప్పాను. అప్పటికి పాఠకుడు తానే అడుగుతున్నాడు.

ఆరో అడుగు: ఏ రకం ముగింపు

మన నోటి కథలకి ఈ బాధ లేదు. "అనగనగా" అని ఎత్తుకుని "కథ కంచికి, మనం ఇంటికి" అని దించేస్తే సరిపోయేది. రాతకథకి అలాంటి తయారు గుమ్మాలు లేవు, ప్రతిసారీ కొత్తగా కట్టుకోవాలి.

అందరికీ మోజు కొసమెరుపు మీద. చివర్లో ఒక్క మాటతో కథంతా తలకిందులు కావాలి. ఫ్రెంచి రచయిత మొపాసా 1884లో రాసిన "నెక్లెస్" దీనికి ఎప్పుడూ చెప్పే ఉదాహరణ. అరువు తెచ్చిన వజ్రాల హారం పోగొట్టుకుని, అలాంటిదే కొనిచ్చి, ఆ అప్పు తీర్చడానికి పదేళ్ళు అరిగిపోయిన ఆవిడకి, అసలు హారం నకిలీదని చివర్లో తెలుస్తుంది. చదివిన ఎవరికైనా ఆ చివరి దెబ్బ గుర్తుంటుంది. కానీ వెనక్కి వెళ్ళి చూస్తే అన్నీ చెప్పే ఉన్నాయి. పెట్టె మీద పేరున్న నగల వర్తకుడు, తాను హారం అమ్మలేదని, ఉత్త పెట్టె మాత్రమే ఇచ్చి ఉంటానని అంటాడు. కొత్త హారం తిరిగిచ్చినప్పుడు స్నేహితురాలు పెట్టె తెరిచి కూడా చూడదు. రెండూ మన కళ్ళముందే జరిగాయి. మనం ఆవిడ కంగారు చూస్తూ వాటిని దాటేశాం. కొసమెరుపుకి ఇదే పరీక్ష: రెండోసారి చదివితే కథ ఇంకా బాగుండాలి. పాఠకుడి దగ్గర సమాచారం దాచిపెట్టి చివర్లో బయటపెట్టడం, "ఇదంతా కల" అనడం, కథ చెబుతున్నది చనిపోయిన మనిషని తేల్చడం మెరుపులు కావు. కరెంటు తీసేసి మళ్ళీ ఇవ్వడం లాంటివి.

ఇక తెరిచి ఉంచే ముగింపు. చెహోవ్ 1899లో రాసిన "కుక్కను వెంటబెట్టుకున్న మహిళ", అసలు కష్టమైన భాగం ఇప్పుడే మొదలవుతోందన్న మాటతో ఆగిపోతుంది. దీన్ని చూసి, తోచని చోట ఆపేసి "పాఠకుడి ఊహకే వదిలేశాను" అనేవాళ్ళున్నారు. అలా కాదు. తర్వాత ఏమవుతుందన్నది తెరిచి ఉంచొచ్చు, ఆ మనుషులు ఎలా మారారన్నది తేలిపోవాలి. చెహోవ్ కథలో ఆ ఇద్దరికీ ప్రేమించడం వచ్చేసిందని మనకి అనుమానం లేదు. వాళ్ళు ఏం చేస్తారన్నదే తెలియదు.

నాకు ఇష్టమైనది మూడో రకం. మొదట్లో ఉన్న ఒక వస్తువో శబ్దమో చివర్లో మారి తిరిగి రావడం. గురజాడ 1910లో రాసిన "దిద్దుబాటు" భర్త ఇంటికొచ్చి భార్యని పిలిస్తే జవాబు రాకపోవడంతో మొదలవుతుంది. మంచం కిందనుంచి ఆమె నవ్వు, గాజుల చప్పుడు వినబడటంతో ముగుస్తుంది. మౌనంతో ఎత్తుకుని చప్పుడుతో దించాడు. భర్త మారాడా లేదా అన్న ఉపన్యాసం అక్కర్లేకపోయింది.

ఏడో అడుగు: చివర నుంచి వెనక్కి కొట్టుకుంటూ రండి

నిచ్చెన కథ మొదటి ప్రతిలో చివరి పేరా ఇలా వచ్చింది:

"ఒక కొస ఆయన పట్టుకున్నాడు, ఒక కొస నేను. 'మూడో మెట్టు పోయిందే' అన్నాడు. 'అవును' అన్నాను. ఇంటి పక్కగా నడిచి పెరట్లోకి వెళ్ళాం. అక్కడ గోడకి ఇంకో నిచ్చెన ఆనించి ఉంది. అదీ పాతబడిపోయింది. ఇన్నేళ్ళ పంతంలో రెండు ఇళ్ళూ ఏం పోగొట్టుకున్నాయో ఆ క్షణంలో నాకు అర్థమైంది. కళ్ళు చెమర్చాయి. తేలికపడిన మనసుతో ఇంటిదారి పట్టాను."

చివరి వాక్యం నుంచి ఒక్కోటీ తీసేస్తూ, ప్రతిసారీ "ఏమైనా పోయిందా?" అని అడగండి. ఇంటిదారి పట్టింది. పోతే పోయింది, అక్కడే ఉండిపోతుందని ఎవరూ అనుకోరు. కళ్ళు చెమర్చాయి. తెలుగు కథల్లో చెమర్చిన కళ్ళని కలిపితే ఒక చెరువు నిండుతుంది, ఇదొక్కటి తగ్గినా నష్టం లేదు. ఆ క్షణంలో అర్థమైంది. ఈ వాక్యం దగ్గర చేయి ఆగుతుంది, ఎందుకంటే కథలో సారం ఇదేనని మనకి అనిపిస్తుంది. నిజానికి సారం దీని ముందు వాక్యంలో ఉంది. ఆయన ఇంకో నిచ్చెన కొనుక్కున్నాడు, అది కూడా పాతబడేంత కాలం గడిచింది. అది చూసిన పాఠకుడికి తానే అర్థం చేసుకునే అవకాశం ఇవ్వాలి. మనం చెబితే ఆ అవకాశం లాగేసుకున్నట్టే. మూడూ తీసేశాను. ఇంకా వెనక్కి వెళ్ళి "అదీ పాతబడిపోయింది" కూడా తీస్తే? అప్పుడు ఉత్త నిచ్చెన మిగిలింది, కాలం పోయింది. అంటే ఆగాల్సిన చోటు దొరికింది.

చివరి వాక్యం బయటికి చదవండి. తెలుగులో అది ఎక్కువగా క్రియతోనే ఆగుతుంది కాబట్టి ఆ క్రియ మీద బరువు పడుతుంది. "పాతబడింది" అంటే సమాచారం. "పాతబడిపోయింది" అంటే అందులో చేజారిన కాలం ఉంది. కొందరు బలం కోసం వాక్యాన్ని తిప్పి "ఆనించి ఉంది గోడకి, ఇంకో నిచ్చెన" అని రాస్తారు. ఎప్పుడో ఒకసారి బాగుంటుంది, అలవాటైతే సినిమా డైలాగులా వినిపిస్తుంది. చివర్లో మూడు చుక్కలు పెట్టడం మాత్రం మానేయండి. రాయాల్సింది రాయలేదని ఒప్పుకున్నట్టుంటుంది.

ఎనిమిదో అడుగు: రెండు పేరాలూ పక్కపక్కన పెట్టి చూడండి

మొదటి పేరా, చివరి పేరా విడిగా ఒక కాగితం మీద రాసుకోండి. మధ్యలో కథ లేకుండా ఆ రెండే చదవండి. రెండూ ఒకే మనిషి గొంతులా ఉన్నాయా? మొదటిదాంట్లో లేచిన అనుమానానికీ చివరిదానికీ సంబంధం ఉందా? ముగింపు సరిగా లేదనిపిస్తే ముగింపుని కెలకడానికి ముందు, దానికి కావాల్సింది మొదటి పేజీలో పెట్టారో లేదో చూడండి. మూడో మెట్టు అలా వచ్చిందే. చివర్లో ఆయన నోట ఏదో ఒక మామూలు మాట కావాల్సి వచ్చింది. అప్పుడు వెనక్కి వెళ్ళి నిచ్చెన మెట్టు విరగ్గొట్టాను.

కథని వారం పదిరోజులు పక్కన పడేసి ఈ పని చేస్తే మంచిది. నేను నిచ్చెన కథని అలా తీసి చూసినప్పుడు ఇంకో సంగతి కనబడింది. చివరి వాక్యం నిలబడేది "పాత" అన్న ఒక్క మాట మీద. ఆ మాటని మొదటి పేజీలోనే ఖర్చుపెట్టేశాను: పాత నిచ్చెన, పాత ఇల్లు, నాన్న పాత చొక్కా. మూడు చోట్లా కొట్టేశాను.